దిగారా?

మల్లేశ్వరంలో మా ఆఫీసు రెండో అంతస్తు.
అంతకన్నా ఎత్తు నేనెప్పుడూ ఎక్కలేదు.
ఎక్కేవాళ్ళకి చీటీ రాసిచ్చేది మాత్రం నేనే.

ఇంట్లో తెలుగు, కౌంటర్లో కన్నడం,
ఫారం నిండా ఇంగ్లీషు.
మూడింట్లోనూ కుదరదనడం వచ్చు నాకు.

ఆరు రోజుల నడక, ఐదు మకాములు,
రోజుకి ముప్పైమంది.
ముప్పై ఒకటో మనిషి బరువుకి
కొండ కుంగిపోతుందా అని అడిగాడొక కుర్రాడు
బ్యాగు కౌంటరు మీద పడేసి.
కుంగదు నాయనా.
మూడో మకాం దగ్గర ఊట
ఎండాకాలం ముప్పై సీసాలకే తడుస్తుంది.
ఈ మాట రూల్సు పుస్తకంలో లేదు.
వాచరు కెంచయ్య చెప్పాడు,
జీతం సంతకానికి వచ్చిన ప్రతిసారీ
చెప్పులు మెట్ల కిందే వదిలి వస్తాడే, ఆయన.

నిప్పు రాజెయ్యకూడదు.
నాలుగు దాటాక వాగు దాటకూడదు.
ఒక్కరే వెళ్ళకూడదు.
పట్టుకెళ్ళిన బిస్కెట్ పొట్లాలు పదకొండైతే
పదకొండూ ఖాళీగా తెచ్చి చూపాలి.

పద్నాలుగో నిబంధన:
దిగినవాళ్ళు దిగామని సంతకం చెయ్యాలి.
చెయ్యరు.
కొండ దిగిన కాళ్ళు బస్సు వెతుక్కుంటాయి,
చేతులు ఇడ్లీ ప్లేటు వెతుక్కుంటాయి.
పుస్తకంలో వాళ్ళింకా పైనే ఉంటారు.

అందుకే సోమవారం సోమవారం
డబ్బా విప్పకముందు ఫోన్లు చేస్తాను.
"అటవీ శాఖ నుంచి. దిగారా?"

"గురువారమే దిగాం మేడం."
"హెబ్బాళ ఫ్లైఓవరు మీదున్నా, గంట నుంచీ దిగలేదు."
నళినాక్షి అని ఒకావిడ
చాలాసేపు ఏమీ అనలేదు.
వెనక కుక్కరు కూసింది, ఎవరో పిల్లాడు సాక్సు అడిగాడు.
"చెయ్యకపోతే ఏమవుతుంది?"
ఏమీ కాదమ్మా, లెక్కలో మీరు పైనే ఉంటారు.
"అయితే ఉండనివ్వండి."

అలా ఉంచడానికి రూలు లేదు.
పెన్సిలుతో చిన్న చుక్క పెట్టి
పేజీ తిప్పేశాను.

తర్వాత మునిరత్నంగారు.
వాచీల ఫ్యాక్టరీలో ముప్పై రెండేళ్ళు
ముళ్ళు బిగించి రిటైరైన మనిషి.
ఒక్కడికే చీటీ కావాలన్నారు.
కనీసం ఇద్దరుండాలన్నాను.
"దారి చూపించే వాచరున్నాడుగా,
నేనూ ఆయనా, ఇద్దరం."

పుస్తకం ఈ చివర్నుంచి ఆ చివరికి తిరగేశాను.
వాచరు మనిషో కాదో
ఎక్కడా రాయలేదు.

ఫిబ్రవరిలో ఫైలు బయల్దేరింది.
మూడో అంతస్తులో ఒక మకాం,
సూపరింటెండెంటుగారు సెలవు.
అకౌంట్సు వాగు దగ్గర
పోటు తగ్గేదాకా పందొమ్మిది రోజులు.
ఒక్కర్తే వెళ్ళింది, నాలుగు దాటాకా నడిచింది,
దాన్ని పర్మిట్ అడిగినవాళ్ళు లేరు,
దిగావా అని ఫోన్ చేసినవాళ్ళూ లేరు.

జూన్ రెండో వారం దిగొచ్చింది,
అంచులు నలిగి, వీపు మీద పదమూడు సంతకాలతో.
"వాచరును మనిషిగా పరిగణించవచ్చును."

అప్పటికి వానలు. దారి మూసేశారు.
అక్టోబర్లో రండి, కొత్త ఫారం నింపాలి అన్నాను.
తిడతారనుకున్నాను.
కాగితం రెండుసార్లు చదివి
"ఇది ఆయనకి చూపించారా?" అన్నారు.

నాకు తోచనే లేదు.

ఒకటో తారీఖున కెంచయ్య వచ్చాడు,
జెర్కిన్ నిండా తడి, చీలమండ దగ్గర జలగ కరిచిన ఎర్రమచ్చ.
కన్నడంలో చదివి చెప్పాను.
నవ్వలేదు. వేళ్ళ మీద ఏదో లెక్కేసుకున్నాడు.
"అయితే మేడం,
ఇన్నాళ్ళూ ఆ ఊటలో తాగింది
ముప్పై ఒక్కమందిమా?"

జీతం పట్టీలో సంతకం చేసి,
పెన్ను మూత జాగ్రత్తగా పెట్టి నాకిచ్చాడు.
కింద మెట్ల దగ్గర
చెప్పులు తొడుక్కున్న చప్పుడు వినపడేదాకా
ఆ పెన్ను పట్టుకునే కూర్చున్నాను.